దరఖాస్తు ఆఖరి పని: జీవిత భాగస్వామి వెంట విదేశం వెళ్లేవారి ఉద్యోగ ప్రయత్నం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్న జంటల్లో ఒకరికి వేరే దేశంలో ఉద్యోగం ఖాయమైంది. రెండోవారు చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు, లేదా ఇవ్వబోతున్నారు. ఈ రోజు నా మాటలన్నీ ఆ రెండోవారి కోసం. మొదటివారు కూడా శ్రద్ధగా వినాలి. నేను చెప్పే పనుల్లో కొన్ని వాళ్లు చేయాల్సినవే.

దేశం మారాక చాలామంది మొట్టమొదట చేసేది రెజ్యూమే సవరించుకుని జాబ్ సైట్లలో వరసపెట్టి దరఖాస్తులు పంపడం. వారాలు గడుస్తాయి, ఒక్క ఫోను కూడా రాదు. అప్పుడు సొంత చదువు మీద, అనుభవం మీద అనుమానం మొదలవుతుంది. ఆ దశకు వచ్చినవారితో మాట్లాడితే ఎక్కువసార్లు బయటపడేది ఒకటే: పనుల వరస తారుమారైంది. ముందు పని చేసే అనుమతి తేలాలి. తర్వాత కాగితాలు. తర్వాత మనుషులు. దరఖాస్తు వీటన్నిటి తర్వాత.

అనుమతితో మొదలుపెడదాం. డిపెండెంట్ వీసా అని అందరూ ఒకే పేరుతో పిలిచినా, దాని మీద పని చేయవచ్చా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, ఒకే దేశంలో వీసా రకాన్ని బట్టి కూడా మారుతుంది. అమెరికానే చూడండి. ఎల్-1 మీద, అంటే కంపెనీ తన ఉద్యోగిని అమెరికా శాఖకు బదిలీ చేసే వీసా మీద, వెళ్లినవారి భార్యకో భర్తకో ఎల్-2 వస్తుంది. 2021 నవంబరు నుంచి వారికి ఆ హోదాతోనే పని చేసే హక్కు ఉంది, విడిగా పని అనుమతి కార్డు కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ ఎల్-2 పిల్లలకూ ఇస్తారు, పిల్లలకు ఈ హక్కు లేదు. అందుకని 2022 జనవరి చివరి నుంచి దేశంలోకి వచ్చేటప్పుడు నమోదయ్యే ఐ-94లో భార్యాభర్తలకు ఎల్-2ఎస్ అని వేరే గుర్తు వేస్తున్నారు. దిగిన రోజునే ఆన్‌లైన్‌లో ఆ ఐ-94 తీసి చూడండి. చివర ‘ఎస్’ లేకపోతే వెంటనే సరిచేయించుకోండి. ఉద్యోగం వచ్చాక, చేరే రోజున ఈ తప్పు బయటపడితే చేరడమే ఆగిపోతుంది.

అదే అమెరికాలో హెచ్-1బి వెంట హెచ్-4 మీద వెళ్లేవారి సంగతి వేరు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, హెచ్-1బి ఉన్నవారి తరఫున గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 అర్జీ ఆమోదం పొంది ఉండాలి, లేదా వారి హెచ్-1బి ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు పొంది ఉండాలి. అప్పుడే హెచ్-4 వారు ఐ-765 ఫారంతో వర్క్ కార్డుకు దరఖాస్తు చేయగలరు. కొత్తగా వెళ్లినవారికి ఇది సాధారణంగా వెంటనే కుదరదు. కార్డు ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. రెన్యువల్‌కు దరఖాస్తు చేసిన తర్వాత పాత కార్డు దానంతట అది పొడిగింపు పొందే వెసులుబాటును 2025 అక్టోబరు 30 నుంచి చేసే దరఖాస్తులకు తీసేశారు. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, మొదటి రోజునే చేయండి. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే పని ఆపాల్సిందే.

మిగతా దేశాలు త్వరగా చెబుతాను. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వారి భాగస్వామి దాదాపు ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, వృత్తిగా క్రీడలు ఆడటం, క్రీడా శిక్షణ ఇవ్వడం మినహా. జర్మనీలో బ్లూ కార్డు, అంటే ఉన్నత నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్, ఉన్నవారి భాగస్వామికి పూర్తి పని హక్కు ఉంది, వీసా కోసం ముందుగా జర్మన్ భాష వచ్చని నిరూపించాల్సిన అవసరం కూడా లేదు. కెనడాలో 2025 జనవరి 21 నుంచి నియమాలు బిగించారు. విదేశీ ఉద్యోగి భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసే అనుమతి) రావాలంటే, ఆ ఉద్యోగిది పై స్థాయి నైపుణ్య ఉద్యోగమో, ప్రభుత్వం ఎంపిక చేసిన వృత్తుల్లో ఒకటో అయి ఉండాలి, వారి పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి. సింగపూర్‌లో 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ ఉన్నవారు ఉద్యోగం చేయాలంటే కంపెనీ వారికి విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. జపాన్‌లో డిపెండెంట్‌గా ఉన్నవారు ముందుగా అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకే చేయాలి. ఇవన్నీ మారే నియమాలు. స్నేహితులు తమ రోజుల్లో ఎలా జరిగిందో చెప్పినది మీకు వర్తించకపోవచ్చు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే చదవండి, చదివిన తేదీ పక్కన రాసుకోండి.

ఇప్పుడు మొదటివారు చేయాల్సిన పని. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే కంపెనీని కొన్ని ప్రశ్నలు అడగాలి. మాకు రాబోయే వీసా రకం ఏది, దాని మీద నా భాగస్వామి పని చేయవచ్చా? రెండు రకాల వీసాలకు అర్హత ఉంటే, భాగస్వామికి పని హక్కు ఇచ్చేదానికి దరఖాస్తు చేస్తారా? భాగస్వామి ఉద్యోగ ప్రయత్నానికి సాయం ఏమైనా ఇస్తారా? చాలా పెద్ద కంపెనీల తరలింపు ప్యాకేజీలో ఈ సాయం ఉంటుంది, అడగనివారికి మాత్రం ఎవరూ గుర్తుచేయరు. ఉందంటే వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు చేతికిస్తారా, బిల్లులు పెట్టాక ఇస్తారా, ఎన్ని నెలల్లోపు వాడాలి, భాషా తరగతులకు, పట్టా మూల్యాంకనానికి (మీ డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చడానికి), లైసెన్సు పరీక్షల ఫీజుకు వర్తిస్తుందా, దాని మీద పన్ను ఎవరు కడతారు. ఎక్కువమంది ఇల్లు సర్దుకుని, పిల్లలను బడిలో వేసి, ఊపిరి తీసుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. సంతకం తర్వాత అడిగితే మీ మాటకు బలం తగ్గిపోతుంది, అందుకే ముందే అడగమంటున్నాను.

ఇక కాగితాలు. ఉన్న ఊళ్లో ఉండగా ఒక్క రోజులో అయ్యే పని, దేశం దాటాక నెలల పని అవుతుంది. పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీ పట్టాలు, మార్కుల జాబితాలు అన్నీ ఒరిజినల్స్ మీ దగ్గర ఉండాలి. మీరు వెళ్లే దేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్, అంటే పత్రం అసలైనదని మన ప్రభుత్వం వేసే ముద్ర, చాలు. లేకపోతే ఆ దేశపు ఎంబసీ అటెస్టేషన్ కావాలి, దానికి ఎక్కువ సమయం పడుతుంది. కెనడా ఈ ఒప్పందంలోకి వచ్చింది 2024 జనవరి 11న. పాత సమాచారం చూసి అనవసరంగా ఎంబసీల చుట్టూ తిరక్కండి.

పట్టా మూల్యాంకనం చేసే సంస్థలు చాలావరకు మార్కుల జాబితాను మీ చేతుల మీదుగా తీసుకోవు, విశ్వవిద్యాలయమే నేరుగా పంపాలంటాయి. ఉత్తర అమెరికాలో ఎక్కువమంది వాడే డబ్ల్యూఈఎస్ అనే సంస్థ పద్ధతి అదే. బయలుదేరక ముందే విశ్వవిద్యాలయానికి ఆ అర్జీ పెట్టేయండి. జర్మనీకి వెళ్లేవారు అనాబిన్ అనే ఉచిత ఆన్‌లైన్ జాబితాలో తమ విశ్వవిద్యాలయం, డిగ్రీ ఎలా నమోదయ్యాయో ముందే చూసుకోవచ్చు.

పని చేసిన ప్రతి సంస్థ నుంచి అనుభవ పత్రం తీసుకోండి. హోదా, తేదీలు మాత్రమే రాసిన పత్రం సరిపోదు. చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, పూర్తి సమయమా కాదా అన్నవి ఉండాలి. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, టీచర్లు వంటి లైసెన్సు వృత్తుల వారు తమ కౌన్సిల్ నుంచి ‘గుడ్ స్టాండింగ్’ పత్రం, అంటే తమ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పే పత్రం, కూడా తీసుకోవాలి. అది కొద్ది నెలలకే పాతబడుతుంది, అందుకని అవసరమైన సమయానికి దగ్గరగా తీసుకోండి. ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టే దారి ఉందేమో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. ఈ వృత్తుల వారు కొత్త దేశంలో మొదటి ఏడాది తమ హోదాలో పని దొరకదనే లెక్కతో వెళ్లాలి. అమెరికాలో నర్సుకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, బ్రిటన్‌లో నర్సుకు కంప్యూటర్ పరీక్ష, దాని తర్వాత ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, జర్మనీలో డాక్టరుకు వైద్య భాషా పరీక్ష. వీటి చదువు వెళ్లకముందే మొదలవ్వాలి.

పేరు గురించి కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో ఒక రకంగా, పట్టాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, అనుభవ పత్రంలో పెళ్లి తర్వాతి పేరుతో ఉంటే ప్రతి చోటా అది అడ్డం వస్తుంది. మూడూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ ఒకటి తయారుగా ఉంచండి. ఆఖరి పని దినం లోపల పాత మేనేజర్ల సొంత ఈమెయిల్, ఫోన్ తీసుకుని, రిఫరెన్సుగా మీ పేరు ఇవ్వవచ్చా అని అడిగి సరేననిపించుకోండి. ఆఫీసు ఈమెయిల్ మూతపడ్డాక వారిని వెతికి పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, మనుషులు.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా అన్నవారు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం. అరుదుగా అన్నవారు 27.8 శాతం. అడిగింది 54 మందినే. అయితే లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడకందార్ల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి, అవీ ఇదే దిక్కు చూపించాయి. ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చింది దగ్గరివారు కాదు, మరీ ముక్కూమొహం తెలియనివారూ కాదు. కొద్దిమంది ఉమ్మడి పరిచయస్తులున్న, అంతంతమాత్రం తెలిసినవారు.

కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. దగ్గరివారికి తెలిసిన కబుర్లు మనకూ తెలిసే ఉంటాయి. అప్పుడప్పుడు కలిసేవారు వేరే లోకంలో తిరుగుతుంటారు, అక్కడి ఖాళీ వార్త మనకు వారి ద్వారానే వస్తుంది. కొత్త దేశంలో భాగస్వామికి సహజంగా దొరికే రెండు గుంపులు చూడండి. ఒకటి భర్త లేదా భార్య ఆఫీసువాళ్లు. రెండోది మన భాష మాట్లాడేవాళ్లు. రెండూ ఎంతో ఆసరా ఇస్తాయి, మొదటి నెలల్లో అవి లేకపోతే నిలబడలేం. కానీ ఒక్కో గుంపులో అందరికీ తెలిసిన ఖాళీలు దాదాపు ఒకటే. మీది జీవశాస్త్రమై, ఆ గుంపంతా సాఫ్ట్‌వేర్ అయితే, ఎన్ని విందులకు వెళ్లినా మీ రంగం వార్త మీ చెవిన పడదు. కాబట్టి మూడో గుంపును మీరే కట్టుకోవాలి: అదే దేశంలో, మీ వృత్తిలో, మిమ్మల్ని కొద్దిగా మాత్రమే ఎరిగినవారితో.

వారిని ఎక్కడ వెతకాలి? మీ కాలేజీ పూర్వ విద్యార్థుల్లో ఆ నగరంలో ఉన్నవారు. మీ పాత కంపెనీలో పనిచేసి అక్కడికి వెళ్లినవారు. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ, కంపెనీ పేజీ తెరిచి, నగరం పేరుతో జల్లెడ పడితే పది నిమిషాల్లో పేర్లు కనిపిస్తాయి. మీ వృత్తి సంఘానికి ఆ నగరంలో శాఖ ఉంటే అందులో సభ్యత్వం తీసుకోండి. వృత్తి సదస్సులు జరిగితే, ప్రేక్షకుల్లో కూర్చోవడం కంటే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర సాయం చేయడానికి పేరివ్వండి. వచ్చే ప్రతి ఒక్కరితో ఒక మాట కలపడానికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే వర్క్ కార్డు లేని హెచ్-4 వంటి, పని హక్కు లేని హోదాలో ఉంటే, జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేయడం కూడా చిక్కు తేవచ్చు. లాభాపేక్ష లేని సంస్థల్లో, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనులకు పరిమితం కండి. కొన్ని నగరాల్లో కంపెనీలు కలిసి భాగస్వాముల కోసం నడిపే నెట్‌వర్కులున్నాయి, ఇంటర్నేషనల్ డ్యుయల్ కెరీర్ నెట్‌వర్క్ అలాంటిదే. మీ నగరంలో ఉందేమో కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగండి.

సందేశం ఎలా రాయాలో చూపిస్తాను. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: “నమస్తే సర్, నేను మీ నగరానికి కొత్తగా వచ్చాను. నాకు పదేళ్ల అనుభవం ఉంది. మీ కంపెనీలో ఏదైనా ఖాళీ ఉంటే చెప్పగలరు. రెజ్యూమే జత చేశాను.” దీనికి జవాబు రాకపోవడంలో వింత లేదు. చదివిన మనిషి చేతిలో ఉద్యోగం లేదు, లేదని చెప్పడం ఇబ్బంది, అందుకే ఊరుకుంటారు. ఇదే సందేశాన్ని ఇలా రాయండి: “నమస్తే. మనం ఒకే కాలేజీ, నేను మీకంటే నాలుగేళ్లు వెనక. ఆసుపత్రి సరఫరాల కొనుగోలు విభాగంలో పనిచేశాను, వచ్చే నెల మీ నగరానికి వస్తున్నాను. మీరు తయారీ రంగం నుంచి ఆసుపత్రి రంగానికి మారారని చూశాను. ఇక్కడ ఆ మార్పుకు ఏ సర్టిఫికెట్ పనికొచ్చిందో తెలుసుకోవాలని ఉంది. వచ్చే రెండు వారాల్లో 20 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా?” ఇందులో ఉద్యోగం మాట లేదు, రెజ్యూమే లేదు. ఉమ్మడి సంగతి ఒకటుంది, వారికి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటుంది, సమయానికి హద్దు ఉంది. అడిగింది సలహా, అది ఇవ్వడం ఎవరికైనా తేలిక.

వారానికి ఇలాంటివి ఐదు పంపండి, అంతకు మించొద్దు. ఒక్కోటి విడిగా రాయాలి కదా. ఎక్కువమంది జవాబివ్వరు. వారం తర్వాత ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తుచేయండి, తర్వాత వదిలేయండి.

ఫోన్ కుదిరిందంటే, ఆ ఇరవై నిమిషాల్ని ఇలా వాడండి. మొదటి రెండు నిమిషాలు మీ పరిచయం. ఇంటి సంగతులు, వీసా కథ వద్దు, చేసిన పని, వెతుకుతున్న పని చాలు. తర్వాత పన్నెండు నిమిషాలు వారు మాట్లాడాలి. ఈ రంగంలో ఇక్కడ ఖాళీలు ఎలా నింపుతారు, ప్రకటన వేసేనా, లోపలి సిఫారసుతోనా? నా అనుభవాన్ని ఇక్కడ ఏ హోదా పేరుతో పిలుస్తారు? నా రెజ్యూమేలో ఇక్కడివారికి అర్థం కానిది ఏముంటుంది? ఆఖరున ఒక్కటి: “నేను ఇంకా ఎవరితో మాట్లాడితే మంచిది?” ఒక్కొక్కరి నుంచి ఒక్క పేరు వచ్చినా పరిచయాలు ఆగకుండా పెరుగుతాయి. ఇరవయ్యో నిమిషంలో మీరే ముగించండి, వారు ఆపాల్సిన పరిస్థితి రానివ్వకండి.

అదే రోజు ధన్యవాదాలు పంపండి. ఇక్కడితో ఆపేస్తే సగం ఫలితం పోతుంది. మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ రాయండి: మీరు చెప్పిన సర్టిఫికెట్‌కు చేరాను, మీరు చెప్పిన ఫలానావారితో మాట్లాడాను, వారు ఇలా అన్నారు. ఖాళీ ఏర్పడిన రోజున వారికి మొదట గుర్తొచ్చేది తమ సలహాను ఆచరించిన మనిషే. దీనంతటికీ ఒక స్ప్రెడ్‌షీటు కావాలి: పేరు, ఎలా తెలుసు, మాట్లాడిన తేదీ, ఏం చెప్పారు, నేను చేయాల్సింది, మళ్లీ రాయాల్సిన తేదీ. ఆఖరి గడి ఖాళీగా ఉన్న వరస పనికిరాదు.

దరఖాస్తు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఇంతదాకా వచ్చేసరికి ఎక్కడికి పంపాలో మీకే తెలుస్తుంది. ఫోన్ నంబరు ఆ దేశానిదై ఉండాలి, లింక్డ్‌ఇన్‌లో నగరం మార్చాలి, లేకపోతే రిక్రూటర్ల వెతుకులాటలో మీరు కనబడరు. పైన ఒక్క వాక్యం రాయండి: పని చేసే అనుమతి ఉంది, స్పాన్సర్‌షిప్ (కంపెనీ నా కోసం వీసా తీసుకోవడం) అక్కర్లేదు. అది నిజమైతేనే. మీ పాత కంపెనీ పేరు అక్కడివారికి తెలియకపోతే పక్కనే ఒక చిన్న వివరణ పెట్టండి: ఏ రంగం, ఎంతమంది ఉద్యోగులు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లకు ఫొటో, వయసు, పెళ్లి వివరాలు పెట్టకండి. అమెరికా దరఖాస్తుల్లో ఇప్పుడు పని చేసే హక్కు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఇప్పుడుగానీ ముందుముందుగానీ స్పాన్సర్‌షిప్ కావాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఒకటేనని అనుకుని టిక్ కొట్టకండి, విడివిడిగా చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పిల్లలున్నవారు డే కేర్‌లో పేరు ఇప్పుడే రాయించండి. చాలా నగరాల్లో వెయిటింగ్ లిస్టు నెలల పొడుగు ఉంటుంది. ఉద్యోగం వచ్చాక చూద్దామని ఊరుకుంటే, వచ్చిన ఉద్యోగంలో చేరలేని పరిస్థితి వస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి: ఇక్కడి కంపెనీ, అక్కడి నుంచి ల్యాప్‌టాప్ మీద పని కొనసాగించమంటోంది. జీతం ఇక్కడి ఖాతాలోనే పడుతుంది. అప్పుడు పర్మిట్ అవసరం లేదు కదా?)

ఆ మాట నమ్మకండి. చాలా దేశాల్లో చూసేది మీరు కూర్చుని పని చేసే చోటు, జీతం పడే ఖాతా కాదు. పని హక్కు లేని వీసా మీద ఇలా చేస్తే వీసాకే ముప్పు. పని హక్కు ఉన్నా, ఆదాయపన్ను, సామాజిక భద్రత చందా ఏ దేశంలో కట్టాలన్నది తేలాలి, మీ మూలంగా ఆ కంపెనీకి అక్కడ పన్ను బాధ్యత వస్తుందా అన్నదీ తేలాలి. 183 రోజులు దాటకపోతే ఏమీ కాదనేవారు ఉంటారు. ఆ లెక్క కొన్ని పన్ను ఒప్పందాల్లోని ఒక్క షరతు మాత్రమే, వీసా నియమాలకు దానితో సంబంధం లేదు. కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి, ఆ దేశపు పన్ను సలహాదారు మాట, రెండూ తీసుకున్నాకే సరేననండి.

(సభలో నుంచి: ఇంటర్వ్యూలో, మీ ఆయన కాంట్రాక్టు అయిపోతే మీరూ వెళ్లిపోతారు కదా అంటే ఏం చెప్పాలి?)

కుటుంబం గురించి అడగడం చాలా చోట్ల నిషిద్ధమో, అనుచితమో. అయినా అడుగుతారు. వాదనకు దిగకుండా ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి: “నా పర్మిట్ ఫలానా తేదీ వరకు ఉంది, ఈ ఉద్యోగంలో మొదటి ఏడాదిలో నేను చేయాలనుకుంటున్నది ఇదీ.” వెంటనే పని గురించి మాట్లాడండి. మూడేళ్ల కాంట్రాక్టు అయితే, మూడేళ్లు ఒకే చోట ఉంటానని చెప్పడం చాలా రంగాల్లో తక్కువ మాటేమీ కాదు.

(సభలో నుంచి: నాకు ఉద్యోగం వచ్చాక మా ఆయన ఉద్యోగం పోతే?)

మీ హోదా వారి వీసా మీద ఆధారపడితే, మీ ఉద్యోగం బాగున్నా మీ పని హక్కు ప్రమాదంలో పడుతుంది. అమెరికాలో హెచ్-1బి, ఎల్-1 వంటి వీసాల వారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది, లేదా ఐ-94 గడువు వరకు, ఏది ముందైతే అది. ఆ వ్యవధి డిపెండెంట్లకూ అంతే. అందుకని ప్రొబేషన్ పూర్తయ్యాక హెచ్‌ఆర్‌తో కూర్చుని, నా సొంత పేరు మీద వర్క్ పర్మిట్ తీసుకోవడానికి నా చదువు, జీతం సరిపోతాయా, దానికి మీరు ఏ కాగితాలు ఇవ్వాలి, ఎంత సమయం పడుతుంది అని అడగండి. జర్మనీలో మీ జీతం బ్లూ కార్డు పరిమితిని దాటితే మీరే ఒక బ్లూ కార్డుకు అర్హులు కావచ్చు. ఆ పరిమితి ఏటా మారుతుంది, కాబట్టి జీతం మాట్లాడుకునే రోజుకు ఆ ఏటి అంకె చూసుకుని వెళ్లండి. ఒకవేళ ఇద్దరూ ఒకరి వీసా మీదే ఉండక తప్పకపోతే, పాస్‌పోర్టులు, పర్మిట్లు, ఐ-94 గడువు తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా చెరో కాపీ ఉంచండి.